పెరటిలోని కంప

వసంత ఋతువు రాగానే కళాశాల సంచికలలో కోకిలను గూర్చి, మావిచిగురును గూర్చి, ఉర్దూ విభాగంలో బహార్‌ను గూర్చి, గులాబీని గూర్చి రచనలు వెలువడడం పరిపాటి. ఆ సంప్రదాయంపై నాకు గౌరవమే కలదు. అయితే ఈ పర్యాయం పాఠక మహాశయుల దృష్టిని కవులెవరూ పట్టించుకోని ఒక చెట్టు వైపు మరల్చదలచాను. అది మన పల్లెల పెరళ్ళలో దట్టంగా అల్లుకొని ఉన్న ముళ్ళ కంపచెట్టు. దానిని తొలగించడానికి తగిన కాలం వసంతమే. కాని తొలగించే పద్ధతిలో మనమందరం ఒక పొరపాటు చేస్తున్నాము. ఆ పొరపాటును నేను కూడా చేసి, దాని ఫలితం అనుభవించి ఉన్నాను గనుక, నా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు వినయంగా ఉంచుతున్నాను.

ఈ చెట్టుకు మన తెలుగు నేలపై పేర్లు అనేకం. మా కడప జిల్లాలో సాధారణంగా కంపచెట్టు అంటారు. తెలంగాణలో సర్కారు తుమ్మ అంటారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో విలాయతీ కీకర్, విలాయతీ బబూల్ అనే మాటలు వినిపిస్తాయి. వృక్షశాస్త్రజ్ఞులు ప్రోసోపిస్ జూలిఫ్లోరా అనే పేరుతో వ్యవహరిస్తారు. సర్కారు, విలాయతీ అనే విశేషణాలే దీని పుట్టుపూర్వోత్తరాలను చెబుతున్నాయి. ఇది మన నేలలో పుట్టినది కాదు. మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం, కరీబియన్ దీవులు దీని జన్మస్థానాలు. వంటచెరకు కొరత తీర్చడానికి, నీరు లేని బీడు భూములలో పచ్చదనం నిలపడానికి నాటి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ శాఖవారు దీని విత్తనాలు తెప్పించి, 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం పరిసరాలలో నాటించిన సంగతి అటవీ చరిత్రలో ప్రసిద్ధమైనది. మా స్వగ్రామం ఆ కమలాపురానికి ఒక పూట బండి ప్రయాణమంత దూరంలో ఉంది. కాబట్టి ఈ అతిథి దేశంలో అడుగుపెట్టిన తొలి గడపలలో మా గడప కూడా ఒకటి అని చెప్పుకోవచ్చును.

అటు రాజస్థానంలో 1940 లో జోధ్‌పూర్ సంస్థానంవారు దీనిని రాజవృక్షంగా ప్రకటించి రక్షణ కల్పించారు. కనుక దీనిని తెచ్చినవారు గాని, పెంచినవారు గాని దురుద్దేశంతో చేశారని అనలేము. ఇసుకను నిలపమన్నారు, నిలిపింది. బీదవాని పొయ్యి వెలిగించమన్నారు, వెలిగించింది. అయితే అక్కడితో ఆగక చెరువు గర్భంలోకి, వాగు గట్టు మీదికి, శ్మశానంలోకి, ఖబ్రస్తాన్‌లోకి, చివరికి ఇంటి పెరటిలోకి వచ్చి కూర్చున్నది.

పెరటిలోకి ఎట్లా వచ్చిందో తెలుసుకోవడం అవసరం. దీని కాయ తియ్యగా ఉంటుంది. మేకలు, గొర్రెలు, పశువులు ఇష్టంగా తింటాయి. ఆకును మాత్రం చేదు వగరుల వల్ల ముట్టవు. అందుచేత విత్తనం ఊరంతా తిరుగుతుంది, చెట్టు మాత్రం మేతకు గురికాకుండా మిగులుతుంది. గింజ పైపెంకు మిక్కిలి గట్టిది. పశువు కడుపులో ప్రయాణించి వచ్చిన గింజ మరింత సులభంగా మొలకెత్తుతుంది. ఆ గింజ పేడలో ఉంటుంది, పేడ దిబ్బకు చేరుతుంది, దిబ్బ ఎరువు కూరపాదుకు చేరుతుంది. ఈ విధంగా బీర విత్తు నాటిన చేతితోనే మనం కంప విత్తు కూడా నాటుకుంటున్నాము. మొలక వచ్చిన నాడు దానిని రెండు వేళ్ళతో పెరికివేయవచ్చు. మూడేళ్ళు ఉపేక్షిస్తే గొడ్డలి కావాలి. పదేళ్ళు ఉపేక్షిస్తే ఇల్లే అమ్ముకొందామనే ఆలోచన వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరక అనలేదు. ఇల్లు అమ్ముకొనే ఆలోచన అనేది అతిశయోక్తి కాదు, మా కుటుంబంలో జరిగిన సంగతియే.

ఆ సంగతి చెప్పేముందు పెరడు అనగా ఏమిటో ఒక మాట చెప్పాలి. నేడు పట్టణాలలో పెరిగిన విద్యార్థులకు పెరడు అంటే ఇంటి వెనుక మిగిలిపోయిన స్థలమని తోచవచ్చును. మా పాత ఇళ్ళలో అది మిగిలిపోయిన స్థలం కాదు, ఇంటికి రెండవ సగం. వీధి అరుగు పురుషులది, పెరడు స్త్రీలది. మా ఇంటి స్త్రీలు పగటివేళ వీధిలోకి వచ్చేవారు కారు. వారికి ఆకాశం కనబడేది పెరటిలోనే. బావి అక్కడే, రోలు అక్కడే, బట్టలు ఆరవేసే తీగ అక్కడే, వేసవి రాత్రి నులక మంచాలు వాల్చేదీ అక్కడే. గోరింటాకు చెట్టు, దానిమ్మ, కరివేపాకు, నిమ్మ, గోడవారగా రెండు మునగచెట్లు ఉండేవి. పండుగ ముందురోజు ఇరుగుపొరుగు ఆడపిల్లలు మతభేదం లేకుండా మా పెరటి గోరింటాకు కోసమే వచ్చేవారు. పొరుగింటి రైతు కుటుంబం వారి పెరటికీ మా పెరటికీ మధ్య నడుము ఎత్తు మట్టిగోడ ఒకటి ఉండేది. ఆ గోడ మీదుగా కూర గిన్నెలు, నిప్పు, వార్తలు అటూ ఇటూ మారేవి.

ఆ ఇంటిలో మా తండ్రిగారి అక్క, మేము ఫుప్పూ అని పిలిచే పెద్దావిడ, 2004 లో భర్త గతించిన తరువాత ఒంటరిగా మిగిలారు. పిల్లలు కువైట్‌లో ఒకరు, బెంగళూరులో ఒకరు. మేము ఉద్యోగాల వెంట తలా ఒక పట్టణం చేరాము. నెలనెలా డబ్బు పంపేవారము. పండుగకు వచ్చి ముందు గదులలో కూర్చుని, బిర్యానీ తిని తిరిగి వెళ్ళేవారము. పెరటి తలుపు తెరిచి చూచినవారు లేరు. మట్టిగోడ ఒక వానకాలంలో కూలిపోతే, దానిని తిరిగి పెట్టించే బదులు, కంప అడ్డం ఉన్నది గదా, చాలునని ఊరుకున్నాము. తరువాత బావి దారి మూసుకుపోయింది. తరువాత గోరింటాకు చెట్టు కంటికి కనబడడం మానివేసింది. ఫుప్పూ ఏనాడూ మాతో ఫిర్యాదు చేయలేదు. వంటగది కిటికీ రెక్కలు మూసుకొని లోపలే ఉండడం అలవాటు చేసుకున్నారు.

2014 లో ఒకనాడు ఆమె అరికాలిలో కంపముల్లు దిగింది. ఈ చెట్టు ముల్లు పెద్దదైతే రెండు అంగుళాల వరకు ఉంటుంది. చెప్పు అడుగును చీల్చుకొని పోగల ముల్లు. ఆమెకు మధుమేహం ఉంది. వంటయింటి పసుపు అద్ది, ఎవరికీ చెప్పకుండా వారం రోజులు తిరిగారు. మాకు తెలిసేసరికి పుండు ముదిరింది. నాలుగు నెలలు వైద్యం జరిగి, చివరకు ఎడమకాలి బొటనవ్రేలు తీసివేయవలసి వచ్చింది. ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చిన నాడు అన్నదమ్ములందరం కూర్చుని, ఈ ఇల్లు అమ్మివేసి ఆమెను పట్టణానికి తీసుకొనిపోదామని తీర్మానించాము. కొనడానికి ఒకరు ముందుకు వచ్చారు. కాని స్థలం కొలవడానికి సర్వేయరు వస్తే, వెనుక హద్దు దాకా టేపు లాగడానికి దారి లేదు. కొనదలచినవారు ఆ కంప చూచి, ధర సగానికి తగ్గించి చెప్పారు. అప్పుడు ఫుప్పూ ఒకే మాట అన్నారు. “అమ్మడం అమ్మకపోవడం మీ ఇష్టం బేటా. నేను పోయేలోగా ఒక్కసారి ఆ బావి దగ్గర కూర్చోవాలని ఉంది.” ఆ మాట విని మాలో ఎవ్వరమూ తల ఎత్తలేకపోయాము.

2015 చైత్రంలో పని ఆరంభించాము. ఇక్కడే నేను ముందు చెప్పిన పొరపాటు జరిగింది. మా వీధి ఇరుకు గనుక జేసీబీ యంత్రం పెరటిలోకి రాలేదు. ఎనిమిది మంది కూలీలను పెట్టి, రెండు రోజులలో గొడ్డళ్ళతో మొత్తం నేలమట్టం చేయించాము. కంప పోగువేసి తగులబెట్టాము. పెరడు అద్దంలా కనిపించింది. ఫొటోలు తీసి కువైట్‌కు పంపాము. ఫుప్పూ కుర్చీ వేయించుకొని బావి దగ్గర కూర్చున్నారు. మేము బాధ్యత తీరిందనుకొని ఎవరి ఊరికి వారము వెళ్ళిపోయాము. మరుసటి సంవత్సరం ఉగాది నాటికి వచ్చి చూస్తే, నరికిన ప్రతి మొదలు నుండి ఆరేసి, ఎనిమిదేసి కొమ్మలు లేచి, మునుపటికంటె ఒత్తుగా, మునుపటికంటె వాడి ముళ్ళతో నిలబడి ఉన్నాయి. పూర్వం చెట్ల మధ్య మనిషి వంగి దూరగల సందు ఉండేది. ఇప్పుడు కోడి దూరడానికి కూడా సందు లేదు.

ఆ రోజు పొయ్యి కట్టెల కోసం కంప కొట్టుకొని బ్రతికే ఒక ముసలమ్మ ఆ దారిన వచ్చి, మా ముఖాలు చూచి నవ్వింది. “మొదలు పెరక్కుండా నరికితే కంపకు క్షవరం చేసినట్టే నాయనా, ఇంకా ఒత్తుగా వస్తుంది” అన్నది. బడి ముఖం ఎరుగని ఆమె నుండి డిగ్రీలు గల మేము ఆ దినం పాఠం నేర్చుకున్నాము. తరువాత గ్రంథాలు తిరగవేస్తే అందులోనూ ఆమె చెప్పినదే ఉంది. ఈ చెట్టుకు నేలమట్టానికి కొంచెం దిగువన, వేరు కాండం కలిసే చోట, నిద్రించే మొగ్గలు అనేకం ఉంటాయి. పైకొమ్మ తెగగానే అవి అన్నీ ఒక్కసారి మేల్కొంటాయి. ఆ భాగాన్ని తవ్వి తీసివేస్తే, కింద ఎంత లోతున వేరు మిగిలినా చెట్టు తిరిగి లేవదు. అనగా పాతాళం దాకా తవ్వనక్కరలేదు. జానెడు నుండి మూరెడు లోతు చాలును. కాని ఆ మూరెడు తవ్వకుండా పైన ఎంత శ్రమించినా వ్యర్థమే.

2017 నుండి మూడు వసంతాలు వరుసగా ఆ పద్ధతిలో పని చేశాము. విద్యార్థులలో పల్లెల నుండి వచ్చినవారు చాలామంది ఉన్నారు గనుక, మేము నేర్చుకొన్నది వివరంగా చెబుతాను. పనికి ఫాల్గుణ చైత్రాలు అనుకూలం. ఆ వేళకు పాత కాయలు రాలి, కొత్త కాయలు ఇంకా పండవు. వేసవి ముదిరి కాయ పండి రాలిన తరువాత నరికితే, చెట్టుతోపాటు వేల విత్తనాలను నేలపై మనమే వెదజల్లినట్లు అవుతుంది. పైగా ఎండ ఇంకా భరింపరానంత ఉండదు. ఉదయం ఆరు గంటల నుండి పది గంటల వరకు సుఖంగా పని చేసుకోవచ్చు. ఆ మాసాలలో నేల గట్టిపడి ఉండడం ఒక చిక్కు. దానికి ఉపాయంగా, ముందురోజు సాయంకాలం ఒక్కొక్క మొదలు చుట్టూ పాదు చేసి నాలుగు బిందెల నీరు పోసి ఉంచాము. తెల్లవారేసరికి గడ్డపారకు నేల లొంగింది.

మొదట కింది కొమ్మలు, తరువాత పైకొమ్మలు నరకాలి. కాండాన్ని నేలమట్టానికి కోయక, నడుము ఎత్తున మోడు ఉంచాలి. ఆ మోడే తరువాత పట్టుకొని ఊపడానికి, పెకలించడానికి పిడిగా ఉపకరిస్తుంది. నరికిన కొమ్మను చేతితో పట్టరాదు. పంగలకర్రతో నెట్టుకొనిపోవాలి. కాళ్ళకు పలుచని హవాయి చెప్పులు పనికిరావు. టైరు చెప్పులు గాని, దళసరి బూట్లు గాని ఉండాలి. పనిలో దిగేముందు ధనుర్వాతం రాకుండా సూది వేయించుకొన్నామా లేదా అని చూచుకోవాలి. మధుమేహం గలవారు ఆ చోటికి రానే రాకూడదు. పొద దగ్గరికి పోయే ముందు కర్రతో నేలను తట్టి చప్పుడు చేయాలి. మాకు మొదటి రోజే స్నానాల గది వెనుక రక్తపింజర కనిపించింది. అంతవరకు ఫుప్పూ రాత్రివేళ ఆ దారినే నడిచేవారన్న సంగతి తలచుకొంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వసంతంలో పిట్టలు గూళ్ళు కట్టుకొంటాయి గనుక, గూడు ఉన్న పొదను పిల్లలు ఎగిరిపోయేవరకు విడిచిపెట్టడం ధర్మం. మేము అట్లే ఒక పొదను నెల రోజులు ఉంచాము.

మొదటి సంవత్సరం మూడవ వంతు స్థలం మాత్రమే తీశాము. ఒక్కసారే అంతా తీయాలన్న తొందరే మమ్మల్ని మొదట దెబ్బతీసింది గదా. రెండవ సంవత్సరం మరొక వంతు తీశాము. అంతకంటె ముఖ్యంగా, మొదటి వంతులో గింజల నుండి వచ్చిన మొలకలను పెరికాము. ఈ గింజలు నేలలో ఏళ్ళ తరబడి సజీవంగా ఉండగలవు. వాన పడినప్పుడల్లా కొన్ని మొలుస్తూనే ఉంటాయి. మూడవ సంవత్సరం మిగిలిన భాగం పూర్తి చేశాము. 2019 ఉగాది నాటికి వెనుక హద్దు రాయి బయటపడింది. కూలి ఖర్చు లెక్కవేసుకుంటే, 2015 లో రెండు రోజులకు వ్యర్థంగా వెచ్చించిన దానికంటె ఈ మూడు సంవత్సరాలలో ఏటేటా అయినది తక్కువే. ఎందుకనగా ఈసారి సెలవులకు వచ్చిన మేనల్లుళ్ళు, మనుమలు గడ్డపారలు పట్టారు. హద్దు విషయంలో పొరుగింటివారు తగవు పెట్టుకొంటారేమోనని మేము లోలోపల భయపడ్డాము. రాయి కనబడగానే ఆ ఇంటి పెద్దాయన తానే వచ్చి, తమ వైపు కంప కూడా అదే వరుసలో తీయించుకొంటానని చెప్పి, మాకు రెండు గడ్డపారలు ఇచ్చి పంపాడు. కంప పోయిన చోట తిరిగి నడుము ఎత్తు గోడ లేచింది. ఇల్లు అమ్మే ప్రస్తావన ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

ఈ విషయంలో వచ్చే ఆక్షేపణలను కూడా నిష్పక్షపాతంగా విచారించాలి. మొదటి ఆక్షేపణ, కంప బీదవాని వంటచెరకు అనేది. ఇది నిజం. గ్యాసు బండ వచ్చిన ఈ రోజులలో కూడా ఎన్నో పేద కుటుంబాలు కంప కట్టెతో వండుకొంటున్నాయి. బొగ్గు కాల్చి అమ్ముకొని బ్రతికేవారు ఉన్నారు. కట్టె నిలకడగా, వేడిగా మండుతుంది. పైన చెప్పిన ముసలమ్మ బ్రతుకు కూడా దానిమీదనే గదా. కాని ఆమె ఎదురుచూచేది మా పెరటి కంప కోసం కాదు, ఊరి బయట బీడులో ఉన్న కంప కోసం. మేము పెకలించిన మొదళ్ళను, లావుపాటి కొమ్మలను కాల్చక ఆమెకే ఇచ్చాము. మొదలు కట్టె బొగ్గుకు శ్రేష్ఠమని ఆమె సంతోషించింది. కాబట్టి పెరటిలో తీసిన కట్టెను తగులబెట్టడం తప్పు, అవసరం ఉన్నవారికి ఇవ్వడం ఒప్పు. బీదవాని పేరు చెప్పి పెరటిలో పామును పెంచుకోవడం మాత్రం న్యాయం కాదు.

రెండవ ఆక్షేపణ, కంప ఖర్చులేని కంచె అనేది. కొట్టి తెచ్చి నాటిన ఎండు కంప కంచె అవుతుంది. వేరూని పెరిగే పచ్చి కంప కంచెగా ఉండదు. అది ఏటేటా రెండడుగులు లోపలికి జరుగుతుంది. ఒకప్పుడు నాగజెముడు కూడా మన పల్లెలలో కంచెగానే పెరిగి పొలాలను ఆక్రమించింది. దానిని తినే ఒక చిన్న పురుగును 1926 లో సింహళం నుండి దక్షిణ దేశానికి తెప్పించి వదలడంతో ఆ బెడద చాలవరకు తగ్గింది. కంపచెట్టుకు మన దేశంలో అటువంటి పురుగు సహాయం లభించలేదు. మనిషి చేయి, గడ్డపార తప్ప వేరు దిక్కు లేదు.

మూడవ ఆక్షేపణ, ఏ చెట్టైనా చెట్టే గదా, పచ్చదనాన్ని ఎందుకు నరకాలి అనేది. ఇది చదువుకొన్నవారు వేసే ప్రశ్న గనుక జాగ్రత్తగా సమాధానం చెప్పాలి. పూత కాలంలో తేనెటీగలకు ఈ చెట్టు ఆధారమే. చవిటి నేలలో మరేదీ మొలవని చోట ఇది నీడ ఇస్తుంది. అటువంటి చోట దానిని ఉండనిద్దాము. కాని దీని నీడలో, రాలిన దీని ఆకుల క్రింద ఇతర మొక్కలు ఎదగవు. మా దానిమ్మ, నిమ్మ రెండూ ఆ విధంగానే నశించాయి. ఒక్క చెట్టు నిలబడి నాలుగు చెట్లను చంపితే దానిని పచ్చదనమని లెక్కించరాదు. తమిళనాడులో ఈ చెట్టు తొలగింపు న్యాయస్థానం దాకా వెళ్ళింది. 2017 లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం దీనిని తొలగించవలసిందిగా ఆదేశాలు ఇవ్వడం, వాటిపై వాదప్రతివాదాలు సాగడం, 2022 లో ఆ రాష్ట్ర ప్రభుత్వం పరాయి దేశపు ఆక్రమణ మొక్కల విషయమై ఒక విధానం ప్రకటించడం మన పొరుగున జరిగిన చరిత్ర. చెరువులు, అడవులు ప్రభుత్వం చూచుకోవలసినవి. పెరటికి మాత్రం ఏ న్యాయస్థానమూ, ఏ విధానమూ అక్కరలేదు. అది మన గడప లోపలి పని.

తీసిన తరువాత ఏమి చేయాలన్నది మరొక ముఖ్య విషయం. ఖాళీ నేల ఎప్పుడూ ఖాళీగా ఉండదు. మొదటి సంవత్సరం మేము తీసి విడిచిన భాగంలో తొలకరి వానకే వయ్యారిభామ మొక్కలు మోకాలి ఎత్తు లేచాయి. అది కూడా పరాయి దేశపు కలుపే, తాకితే కొందరికి ఒళ్ళంతా దద్దురు. దానిని పూత రాకముందే పెరికి, మరుసటి వారమే అనుము, అలసంద చల్లాము. నేల కప్పబడింది, కలుపు తగ్గింది, కాయలు వండుకొన్నాము. తరువాత గోరింటాకు కొమ్మ నాటాము. మునగ పెట్టాము. కరివేపాకు పొరుగింటివారు ఇచ్చారు. ఎరువు వేసే ముందు దిబ్బలో బాగా మాగినదా లేదా అని చూచి, అనుమానం ఉంటే జల్లెడ పట్టి వేస్తున్నాము.

ఇప్పుడు మన కళాశాలకు సంబంధించిన ప్రస్తావన చేస్తాను. 1969 లో గాంధీజీ శతజయంతి సందర్భంగా ఆరంభమైన జాతీయ సేవా పథకం క్రింద మన విద్యార్థులు ఏటా 120 గంటలు సేవ చేయవలసి ఉంది. ఏడు దినముల ప్రత్యేక శిబిరం కూడా కలదు. శిబిరాలలో కంప నరకడం ఒక అలవాటైన కార్యక్రమం. బడి వెనుక, చెరువు కట్టపై ఒక ఉదయం నరికి, ఫొటో దిగి, భోజనం చేసి వస్తాము. మరుసటి సంవత్సరం మరొక ఊరికి వెళతాము. ఆ వెనుక ఏమి జరుగుతుందో మా పెరటి కథ విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. మనం సేవ చేశామనుకొన్న ఊరిలో కంప ఎనిమిది రెట్లు ఒత్తుగా లేచి ఉంటుంది.

కాబట్టి కమిటీ పెద్దలకు నా మనవి మూడు మాటలు. ఒకటి, ఒకే గ్రామాన్ని తీసుకొని మూడు వసంతాలు వరుసగా వెళ్ళే ఏర్పాటు చేయాలి. తీసే స్థలం చిన్నదైనా ఫరవాలేదు, పది పెరళ్ళు చాలును. అందులోనూ వృద్ధులు, ఒంటరి స్త్రీలు ఉన్న ఇళ్ళను ముందుగా ఎన్నుకోవాలి. వారు అడగరు. మా ఫుప్పూ పదేళ్ళు అడగలేదు. రెండు, గొడ్డళ్ళకు కేటాయించే సొమ్ములో సగం గడ్డపారలకు, దళసరి చేతితొడుగులకు, బూట్లకు మార్చాలి. మూడు, విద్యార్థినులకు ఈ పనిలో ముఖ్య పాత్ర ఇవ్వాలి. ఆడవారు మాత్రమే ఉన్న ఇంటి పెరటిలోకి మా మగపిల్లలు పోలేని చోటికి వారు పోగలరు, ఆ ఇంటివారితో మాట్లాడగలరు. ఈ మూడింటికి అదనపు ధనం అక్కరలేదు, కావలసినది ఓర్పు.

విద్యార్థి మిత్రులకు చెప్పేది ఇంకా చిన్న మాట. ఈ వసంతపు సెలవులలో ఊరికి వెళ్ళినప్పుడు ముందు గదిలో కూర్చోకుండా, ఒక్కసారి పెరటి తలుపు తెరిచి చూడండి. గడియ బిగిసిపోయి ఉంటే, అది ఎన్నాళ్ళ నుండి బిగిసిపోయిందో మీ నానమ్మను గాని, దాదీమాను గాని అడగండి. ఆమె ఏమీ లేదులే అంటే నమ్మకండి.

మా ఫుప్పూకు ఇప్పుడు ఎనభై దాటాయి. చూపు మందగించింది గాని, కంపమొలకను మాత్రం దూరం నుండే గుర్తుపడతారు. ప్రతి తొలకరికి చేతికర్ర పట్టుకొని పెరడంతా తిరిగి, మొలక కనబడిన చోట కర్ర ఆనించి నిలబడి, పొరుగింటి పిల్లవానిని కేకవేసి పెరికిస్తారు. మొన్న ఫోనులో మాట్లాడుతూ, ఈ ఏడు ఇప్పటికి నాలుగే కనిపించాయని, పోయిన ఏడు పదకొండని లెక్క చెప్పారు. గోరింటాకు గుబురుగా వచ్చిందట. పండుగకు ఆడపిల్లలను పంపమన్నారు.